డ్రమ్ములు లేని పాట

నారాయణఖేడ్ బస్టాండులో మనూర్ బస్సు కోసం కూర్చున్నాను. నా పక్కన నలభై ఏళ్ల మనిషి, ఒళ్లో గిటారు సంచి. ఇద్దరు కాలేజీ పిల్లలు పరుగున వచ్చి ఆయనతో ఫొటో దిగారు.

"అన్నా, మీ రాక్ బ్యాండంటే మాకు మస్తు పిచ్చి. మిగిలినోళ్లేరి?"

"విడిపోయినం. ఇయ్యాల బీదర్‌ల నేనొక్కన్నే పాడుతున్న."

వాళ్లు వెళ్లగానే ఆయన ముఖంలో నవ్వు పోయింది. నావైపు తిరిగాడు.

"అక్కా, నేనెవరో నీకు తెల్వదు గదా?"

"తెల్వదు తమ్మీ."

"అయితే నిజం చెప్తవ్. గిది విను."

బస్సుల హారన్ల మధ్యే, నావైపు వంగి పాడాడు. పై స్వరానికి వెళ్లేసరికి గొంతు తెగి ఒట్టి గాలి వచ్చింది. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే తెగింది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గొంతు పోయిందా అక్కా?"

బాగుందని చెప్పబోయాను. ఆయన చూపు ముందు అబద్ధం నోటికి రాలేదు.

"పోయింది" అన్నాను.

"రెండేండ్ల సంది డ్రమ్ముల చాటున దాసిన. మావోళ్లకు తెల్సు, ఒక్కలన్న అనలే. నువ్వే అన్నవ్."

"మరి ఇగ ఎట్ల?"

"పాడుత. నాకు ఇంకోటి రాదక్కా."

బీదర్ బస్సు వచ్చింది. మెట్టెక్కబోయినవాడల్లా వెనక్కి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. బస్సు కదిలాక కిటికీలో ఆయన పెదాలు కదులుతూ కనిపించాయి.

ఆ మాట ఇంకొంచెం మెత్తగా అనాల్సిందా అని మనూర్ దాకా ఆలోచించాను. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.