పురుగుల ఇంట్లో పొగాకు

నాకు పొగాకు ఎవరూ నేర్పలేదు. మా నాయన్ని చూసి నేనే నేర్చుకున్నాను. కేజీఎఫ్‌లోని చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలోకి దిగే ముందు ఆయన దవడన ఇంత పొగాకు పెట్టుకునేవాడు. గని మూతపడింది, నాయన పోయాడు, పొగాకు మాత్రం మా ఇంట్లో నిలిచింది. నేను రోజూ రైలెక్కి బెంగళూరు పోయి ఒక గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చునేవాణ్ణి. కూర్చోవడం, నమలడం, ఉమ్మడం. పన్నెండు గంటలూ అదే పని. జీతం గేటు కాసినందుకిచ్చారో, నమిలినందుకిచ్చారో ఆ దేవుడికే తెలియాలి.

ఆ పని పోయాక గౌనిపల్లి దగ్గర నా భార్య పుట్టింటికి చేరాం. మా అత్తకు కొంచెం మల్బరీ తోట, పట్టుపురుగులు పెంచే ఒక షెడ్డు ఉన్నాయి. చూసుకునే మగదిక్కు లేక మమ్మల్ని పిలిపించింది. యాభై దగ్గర పడ్డాక ఇల్లరికం పోయినవాడి రోషం ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా? ఎవరు ఏ పని చెప్పినా మీద పడేవాణ్ణి. "కేజీఎఫ్‌లో పుట్టినోణ్ణి, ఆకు కొయ్యేది నాకేం తెలుసు?" అని తోట గట్టున కూర్చొని పొగాకు డబ్బా తీసేవాణ్ణి.

పట్టుపురుగుల దరిదాపులకు పొగాకు పోకూడదని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. పొగాకు తాకిన చేత్తో ఆకు ముడితే, ఆ ఆకు తిన్న పురుగు బతకదు. నాకూ మొదటిరోజే చెప్పారు. నేను నవ్వాను. మా నాయన జీవితమంతా నమిలి బతికాడు, వీటికేమొచ్చింది అనుకున్నాను.

ఒక ఉదయం నా భార్య డెయిరీకి పాలు పోయడానికి పోయి ఎంతకీ రాలేదు. పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. అంటే నాలుగోసారి చర్మం విడిచి మంచి ఆకలి మీద ఉన్నాయన్నమాట. సరే పోనీలే అని, ఎవరూ చెప్పకుండానే ఆకు తెచ్చి ఒకవైపు అరలన్నిటికీ వేశాను. నిజంగా సాయం చేద్దామనే వేశాను. అంతకు ముందే పొగాకు నలిపి దవడన పెట్టుకున్నాను. చెయ్యి పంచెకు తుడిచాను గానీ కడగలేదు.

మధ్యాహ్నానికి ఆ వైపు పురుగులు తలలు పైకెత్తి, పచ్చటి నీళ్లు కక్కుతూ మెలికలు తిరిగాయి. సాయంత్రానికి సగం పంట పోయింది. మా అత్త గుండెలు బాదుకుంది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"బయటున్నప్పుడు లోపలికి పొయినావు కదే? పోవద్దే అని ఎన్నితూర్లు చెప్పినాను!"

ముందురోజే నా భార్యకు నెలసరి వచ్చింది. ఆ రోజుల్లో ఆడవాళ్లు పురుగుల ఇంట్లోకి పోకూడదని మా అత్త నమ్మకం. ఆకలితో ఉన్న పురుగుల్ని వదల్లేక ఈమె డెయిరీకి పోయే ముందు కూడా లోపలికి పోయి వచ్చింది. ఇప్పుడు తల వంచుకొని, "నేనే చేసినానమ్మా" అంది. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే పొగాకు వాసన వస్తుందని మూసుకున్నాను. ఛీ, పిరికివాడికి సాకులు కరువా?

తర్వాతి పంటకు ఆమె షెడ్డు గడప తొక్కనంది. తాను తోటలో ఆకు కోసిస్తుంది, లోపల అంతా నేనే చూసుకోవాలి. ఆ మాట విన్న పూటే డబ్బాను పేడగుంటలోకి విసిరాను. మంచివాణ్ణయిపోయి కాదు, భయపడి.

మొదటి వారం నరకం. తల పగిలిపోయేది. ఊరకే నీళ్ల బకెట్టును తన్నాను, అది ఏం చేసిందని? మా వీధిలో నాలుగిళ్లవాళ్లు ఒకరి పురుగుల పనికి ఒకరు పోయి చేసుకుంటారు. అందులో పక్కింటి అవ్వ పెద్ద. ఆమె రోజూ షెడ్డు వాకిట్లో నన్ను నిలబెట్టి, "ఏదప్పా, నోరు తెరు చూద్దాం" అనేది. వాసన చూసి, ఏమీ లేకపోతే కొంగులోంచి వేయించిన అనపపప్పు గుప్పెడు తీసి ఇచ్చేది. "దీన్ని నములు. పురుగులకు మేత మేము ఏస్తాము, నీకు నేను ఏస్తా." ఆడవాళ్లంతా పకపకా నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అయినా నమిలేవాణ్ణి.

రోజుకు నాలుగైదుసార్లు తోటకు పోవడం, ఆకు మోపు నెత్తిన పెట్టుకొని రావడం, కాళ్లూ చేతులూ కడిగి లోపలికి పోయి వేయడం, కింద చెత్త తీయడం. కూర్చుంటే కదా పొగాకు గుర్తొచ్చేది! వేసిన ఆకును పురుగులన్నీ కలిసి తింటుంటే చినుకులు పడ్డట్టు చప్పుడవుతుంది. అది వినడానికి నిలబడిపోయేవాణ్ణి. నా కోసం ఎదురుచూసే ప్రాణాలు ఇన్ని ఉన్నాయా అని సంబరంగా ఉండేది.

ఒకరోజు తోటలో మోపు కడుతూ అవ్వ మెల్లగా అంది. "మైలకు పురుగు పచ్చనీళ్లు కక్కదప్పా. పొగాకుకు కక్కుతాది. ఆ పంట ఎట్ల పొయిందో నాకు ఎరికే."

ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. "మరి నువ్వెందుకు చెప్పలేదవ్వా?"

"నేను చెప్తే కొట్లాట అవుతాది. నువ్వు చెప్పాల."

రేపు చెప్తాను, పంట గట్టెక్కనీ అనుకుంటూ రోజులు నెట్టాను. పొగాకు మానడమే సులువు, నిజం చెప్పడం కాదు.

పురుగులు పండిన రోజు వచ్చింది. ఆ రోజు అన్నీ ఒక్కసారిగా తిండి మాని, పసుపు తిరిగి, గూడు కట్టడానికి తయారవుతాయి. ఒక్కొక్కదాన్నీ ఏరి చంద్రికలనే వెదురు తట్టల మీద వదలాలి. ఆలస్యమైతే కిందే దారం వదిలేసి పాడవుతాయి. నాలుగిళ్లవాళ్లూ వచ్చినా చేతులు చాలలేదు. నా భార్యకు మళ్లీ అవే రోజులు. దూరంగా వాకిట్లో నిలబడి ఉంది.

"రావే తల్లీ, నువ్వూ ఒక చెయ్యి ఎయ్యి" అని అవ్వ పిలిచింది.

"వద్దులే అవ్వా. నా చెయ్యి మంచిది కాదు."

ఇక నా వల్ల కాలేదు. చేతిలో పురుగులతోనే వాకిట్లోకి పోయాను. "ఆ పంటను చంపింది నేను. పొగాకు చేత్తో ఆకు ఏసినాను. నీ తప్పేం లేదు" అని అందరూ వినేటట్టు అరిచాను. మా అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అవ్వ తలెత్తకుండా ఏరుతూనే ఉంది.

నా భార్య తొట్టి దగ్గరికి పోయి మోచేతుల దాకా కడుక్కుంది. గడప దాటి లోపలికొచ్చి, నా ముందు ఆగింది.

"పురుగులు సస్తే సచ్చినాయి. నెల దినాలు ఈ చేతుల్తో సంగటి కెలికి నీకు పెడతా, ఈ చేతులు ఏం పాపం చేసినాయో అని చూసుకుంటా ఉన్నాను. ఎదురుగా కూసోని తింటివి కదా, నీకు కనపడలేదా?"

కనపడింది. ప్రతి పూటా కనపడింది. ఆ మాట చెప్పలేక అంతమంది ఆడవాళ్ల మధ్య నిలబడి ఏడ్చాను.

ఆమె నా చేతిలోని పురుగుల్ని తీసుకొని చంద్రిక మీద వదిలింది. "ఏడ్చింది చాలు. ఆ పక్క అరలో ఇంగా పండినవి ఉండాయి, ఏరు" అంది.