కొర్రమీను మింగేదాకా

డెబ్బైల చివర్లో, నా పెళ్లయిన ఏడాది, దసరా వెళ్లిన వారానికి మా అత్తమ్మ నన్ను చేపలు పట్టడానికి తీసుకెళ్లింది. నేను డోర్నకల్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. చేపంటే ముక్కలై ఇంటికొచ్చేదే. అత్తగారి ఊరు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర. కలుపు పని ముగిసి, వరి కోతలకు ఇంకా టైమున్న రోజులవి. అత్తమ్మ పెద్దగా మాట్లాడేది కాదు. ఆమె నవ్వగా నేను చూడలేదు. నేను నచ్చానో లేదో తెలియకుండానే అయిదు నెలలు గడిచాయి.

ఆ పొద్దున గాలాలు కట్టిన రెండు వెదురు బొంగులు భుజాన వేసుకుని, "రా బిడ్డా, చెరువుకు పోదాం. చీర జర పైకి చెక్కుకో" అంది.

వాగు వచ్చి చెరువులో కలిసేచోట కూర్చున్నాం. వానలకు ఎర్రబడ్డ నీళ్లు అప్పటికి తేటపడ్డాయి. వాగు తెచ్చే పురుగుల కోసం చిన్న చేపలు చేరతాయట. వాటి కోసం కొర్రమీను తామరాకుల కింద పొంచి ఉంటుందట. పొద్దెక్కి నీళ్లు వెచ్చబడేదాకా అత్తమ్మ గాలమే ముట్టలేదు. తర్వాత ఒక చిన్న కప్పను గాలానికి గుచ్చి, ఆకుల మీద పడేలా విసిరి, బొంగును మెల్లగా ఆడించింది. కప్ప ఆకు మీంచి ఆకు మీదికి గెంతుతూ పోయింది. ఆకుల అంచున నీళ్లలో పడగానే గుబుక్కుమని మాయమైంది.

ఆమె లాగలేదు. దారం వదులు చేసింది.

"గుంజు అత్తమ్మా, గుంజు!" అని అరిచాను.

"ఆగు పోరీ. ఇప్పుడు నోట్ల వట్టుకున్నదంతే. మింగనియ్యి."

దారం నీళ్లలో పక్కకు నడవసాగింది. అప్పుడు ఒక్క గుంజు గుంజింది. మూరెడు కొర్రమీను ఒడ్డున పడింది.

తర్వాత నా వంతు. రెండుసార్లు తొందరపడి లాగాను, రెండుసార్లూ ఖాళీ గాలమే వచ్చింది. మూడోసారి ఎంత జోరుగా లాగానంటే, గాలం వెనక్కి ఎగిరి అత్తమ్మ కొప్పులో చిక్కుకుంది. నా ప్రాణం పోయినంత పనైంది. ఆమె కొప్పు విప్పి, గాలం తీసి, నావైపు చూసింది.

"కొర్రమీను దొరకలే గని, అత్త దొరికింది!" అంది. అని, పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ మళ్లీ నవ్వింది. నేనూ ఆగలేకపోయాను.

నాలుగోసారి నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. గుబుక్కుమన్నాక కూడా వదలలేదు. దారం కదిలాక, "ఇగ గుంజు!" అంది. నా మోచేయి నుంచి వేళ్లదాకా ఉన్నంత చేప బయటికొచ్చి, గాలం ఊడి, నీళ్లవైపు జారింది. ఏమీ ఆలోచించకుండా దాని మీద పడ్డాను. చేపా నేనూ బురదలో పొర్లాం. నేనెక్కడ చెరువులో పడతానోనని అత్తమ్మ నా కాళ్లు గట్టిగా పట్టుకుంది.

ఇంటికి చేరేసరికి మామయ్య వాకిట్లోనే ఉన్నాడు. మా వాలకం చూసి బెదిరిపోయి, "ఏమైందే? యాడ వడ్డరు?" అన్నాడు.

"ఫికర్ చేయకు. నీ కోడలు కొర్రమీనుతోని కుస్తీ వట్టింది. కోడలే గెలిచింది" అంది అత్తమ్మ.

మధ్యాహ్నం చింతపండు పోసి చేపల పులుసు పెట్టింది. తలకాయ ముక్క ఆ ఇంట్లో ఎప్పుడూ మామయ్యదే. ఆ రోజు ఆమె దాన్ని నా కంచంలో వేసింది. మామయ్య ఏదో అనబోతే, "పట్టినోళ్లకే తలకాయ" అని గంటె పక్కన పెట్టింది.