నేల కింద ఏరు, నాన్న చెప్పని ధర

ఆ రోజుల్లో, అంటే ఢిల్లీలో మెట్రో రైలు ఇంకా మాటల్లోనే నడుస్తున్న కాలంలో, చెప్పిన ధరకి వస్తువు కొనేవాణ్ణి చూస్తే నాకు జాలేసేది. తెనాలిలో ఇత్తడి సామాన్ల కొట్లో, బిందెల మధ్య పెరిగినవాణ్ణి మరి. ఘాజియాబాద్‌లో అద్దె గది, ఢిల్లీలో చిరుద్యోగం, పొద్దున్నే రిక్షావాడితో బేరం (గెలిచేదీ నేనే, ఆఫీసుకి ఆలస్యంగా చేరేదీ నేనే). ఈ విద్య నాన్నదే. అయితే ఆయన, "బేరానికి నోరు కాదురా, ఓపిక కావాలి. ధర చెప్పాక ఊరుకో. ముందు నోరు తెరిచినవాడికే నష్టం" అనేవాడు. ఆ పాఠం చెప్పిన రోజు నేను కొట్లో లేనట్టున్నాను.

ఆ చలికాలం నాన్న గొంతులో పుండుతో నా దగ్గరికి వచ్చాడు. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం ఇక రాదన్నాడు డాక్టరు. సాయంత్రం ఆసుపత్రిలో చేరాలనగా, మధ్యాహ్నం అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్‌లో నాలుగు ముద్దలు పెరుగన్నం కష్టంగా మింగి, "మందుల వాసన లేని చోటికి ఎక్కడికైనా తీసుకుపోరా" అన్నాడు బొంగురుగొంతుతో. ఫరీదాబాద్ వైపు, అరావళి కొండల్లో ఒక రక్షిత అడవి ఉందని, అక్కడ బండల కింద ఏరు పారుతుందని, కనిపించదు గానీ చెవి ఆనిస్తే వినిపిస్తుందని మా ఆఫీసు ప్యూను చెప్పిన సంగతి చెప్పాను. నాన్న కళ్లు మెరిశాయి. "చూపించకుండానే సరుకమ్ముతున్నారా! వాడెవడో మనకంటే మొనగాడురా, పద!"

మూడింటికి ఆ అడవి గేటు దగ్గర దిగాం. దారి చూపించే ముసలాయన ముప్పై అడిగాడు. "భయ్యా..." అంటూ నాన్న ఉత్సాహంగా ముందుకొచ్చాడు. నేను అడ్డుపడ్డాను. "నువ్వుండు నాన్నా, గొంతుకి శ్రమ. వీళ్ల సంగతి నాకు తెలుసు." నాన్న నోరు మూసుకున్నాడు. నేను పది అన్నాను. అక్కర్లేదన్నట్టు విసవిసా వెళ్లిపోయాను, వెనక్కి పిలుస్తాడని. పిలవలేదు, పల్లీలు ఒలుచుకుంటున్నాడు. బూటు లేసు కట్టుకునే నెపంతో నేనే తిరిగొచ్చాను. ఇలా మూడుసార్లు (ఆ బూటుకి లేసే లేదు). చివరికి పదిహేనుకి గెలిచాను. "ఠీక్ హై సాబ్," అన్నాడాయన లేస్తూ, "లేకిన్ చార్ బజే గేట్ బంద్." నాలుగింటికి గేటు మూసేస్తారట. అప్పటికి పావుగంటే ఉంది.

ముళ్లతుమ్మల మధ్య పరుగులాంటి నడక. పెద్ద బండ, దాని మధ్య జానెడు నెర్రె. నాన్న కండువా పరిచి బోర్లా పడుకుని చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. నేనేం చేస్తున్నానంటారా? "పావుగంటే చూపించావు, పది చాలు" అని ముసలాయనతో వాదిస్తున్నాను. "దిఖాయా కహాఁ సాబ్? పానీ తో దిఖ్తా హీ నహీఁ!" కనపడని నీళ్లని చూపించడమేమిటని ఆయన నవ్వాడు. అంతలో నాన్న నెర్రె దగ్గరికి నోరు పెట్టి ఏదో అనడం చెవిన పడింది. ఒక మాట కాదు, రెండు మూడు.

"ఏమన్నావు నాన్నా?"

"నీతో కాదులే."

గేటు దగ్గర విజిల్ మోగింది. దారంతా, ఆ రాత్రి ఆసుపత్రిలోనూ ఆయన దగ్గుతూనే ఉన్నాడు, మాట రాలేదు. మర్నాడు ఆపరేషన్.

తర్వాత ఆరేళ్లు నాన్న పలకతోనే కొట్టు నడిపాడు. ధర రాసి చూపించి ఊరుకునేవాడు. ఆ నిశ్శబ్దం భరించలేక కొనేవాళ్లే తామిస్తామన్న ధర పెంచుకుంటూ పోయేవాళ్లు. మాట పోయాకే వ్యాపారం బాగుందని రాసి చూపించి, చప్పుడు లేకుండా నవ్వేవాడు. సెలవుల్లో వెళ్లినప్పుడల్లా అడిగేవాణ్ణి, ఆ రోజు ఏరుతో ఏమన్నావని. "ఎంతిస్తావు?" అని రాసేవాడు. "కొత్త పలక కొంటా." తల అడ్డంగా ఊపేవాడు. "కాశీ తీసుకెళ్తా." "ఇంకా?" ఆ బేరం తెగకుండానే నాన్న వెళ్లిపోయాడు.

నా జుట్టు నెరిశాక మళ్లీ అక్కడికి వెళ్లాను. దారి చూపించే కుర్రాడు ఏదో ధర చెప్పాడు, తీసి ఇచ్చేశాను. బండ మీద బోర్లా పడుకుని (మోకాళ్లు ఒప్పుకోలేదు, నచ్చజెప్పాను) చెవి ఆనించాను. లోపల ఎక్కడో సన్నగా నీళ్లు. నాతో అన్న ఆ "నీతో కాదులే" తప్పిస్తే, నాన్న గొంతుతో ఆఖరి మాటలు విన్నది ఆ ఏరే. ఆ మాటలకి ఎంత అడిగినా ఇద్దామనే వెళ్లాను. అదేమీ అడగలేదు. నేనూ ఊరుకున్నాను, చాలాసేపు. ముందు నోరు తెరిచినవాడికే నష్టం కదా.