కొరియా ‘నే’, కోనసీమ ‘ఆయ్’

ఇది రాసిపెట్టవలసిన అవసరం మొన్న శుక్రవారం కలిగింది. ఇక్కడ కువైట్‌లో అది సెలవు రోజు కాబట్టి ఎప్పటిలాగే రిగ్గై పేటలో మా తమ్ముడు ఉండే గదికి వెళ్లి, భోజనమయ్యాక చాప మీద నడుం వాల్చాను. తమ్ముడు సబ్హాన్‌లో ఒక గోదాములో పనిచేస్తాడు, వచ్చి రెండేళ్లయింది. సెల్‌ఫోను తెచ్చి నా కళ్లముందు పెట్టి, "అన్నా, చూడు, నీ కొరియా ఆయప్ప," అన్నాడు.

నిజంగా ఆయనే, ఒకప్పుడు నేను కారులో తిప్పిన ఫుట్‌బాల్ ఆటగాడు. తన సొంత ఊరి జట్టు తరఫున ఆఖరి ఆట ఆడేసి, పచ్చిక మధ్యలో నిలబడి నాలుగు వైపులకూ తిరిగి నడుము వంచి నమస్కరిస్తున్నాడు. జనమంతా లేచి చప్పట్లు కొడుతున్నారు. కింద ఇంగ్లీషులో ఆయన ఆడిన దేశాల పేర్లు, వాటిలో కువైట్ పేరు పక్కనే, మొదటి రెండు నెలలు కాలి నొప్పివల్ల ఆడలేకపోయాడని ఒక ముక్క.

"రెండు నెల్లు కాలు నొప్పితో కూచున్యాడంట గదా," అన్నాడు తమ్ముడు.

"కాలు నొప్పి మూడు వారాలే అబ్బీ. తక్కినదంతా మాట నొప్పి," అన్నాను.

"మాట నొప్పేందినా, దానికి యా మందు పూసినారు?" అన్నాడు వాడు. గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నేను పనిచేసే సల్వాకు తిరిగి వచ్చే బస్సులో ఆలోచిస్తే, ఆ ఇంగ్లీషు ముక్క ఎప్పటికీ అలాగే ఉండిపోతుందని, జరిగినదంతా మొదటినుంచీ తెలిసినవాణ్ని నేనొక్కణ్నేనని తోచింది. అందుకే, నా వయసు వాళ్లు, నాలాగే పరాయి మాటల మధ్య బతికినవాళ్లు చదువుతారనే నమ్మకంతో రాస్తున్నాను.

నేను పదో తరగతి తప్పినవాణ్ని. మా ఊరిని ఇప్పుడు అన్నమయ్య జిల్లా అంటున్నారు గానీ, మేము చదువుకునే రోజుల్లో అంతా కడప జిల్లానే. మా శాఖా గ్రంథాలయం ఒక అద్దె ఇంటి వసారాలో ఉండేది. బడి మానేశాక సాయంత్రాలు అక్కడే గడిపాను. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ బల్ల దగ్గర అబ్బినవే, ఆ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ వెనుకాడను. ఇంగ్లీషు వ్యాకరణాన్ని తెలుగులో వివరించే పుస్తకం ఒకటి అట్టలూడి, కుట్టు తెగి ఉండేది. ఎవరూ ఇంటికి తీసుకుపోయేవాళ్లు కాదు కాబట్టి ఎప్పుడు వెళ్లినా దొరికేది. అందులో ఒక సూత్రం నాకు వింతగా తోచి గుర్తుండిపోయింది. నువ్వు రాలేదా అని అడిగితే, రానివాడు మనలాగా "అవును, రాలేదు" అనకూడదట, ఇంగ్లీషులో "నో" అనే అనాలట. అడిగినవాడి మాటను ఒప్పుకుంటూ కాదనడమేమిటని చాలా రోజులు ఆలోచించాను.

చదివింది వేరు, నోటికి రావడం వేరు. సల్వాలో ఒక ఇంటికి డ్రైవరుగా వచ్చిన మొదటి నెలలో, మేమంతా మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు వంటింట్లో నన్ను చూసి, "యూ నో ఈట్?" అని అడిగింది. తినలేదు కాబట్టి నేను వినయంగా "యెస్, మామా" అన్నాను. ఆమె సంతోషించి గిన్నెల మీద మూతలు పెట్టించి వెళ్లిపోయింది. అలా రెండు పూటలు పస్తున్నాక గానీ నా వ్యాకరణ పుస్తకం నాకు గుర్తుకు రాలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

నాకు వీసా ఇచ్చిన కఫీల్, అంటే మేము బాబా అని పిలిచే ఇంటి పెద్దాయన, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కమిటీలో ఉండేవాడు. ఏడెనిమిదేళ్ల కిందట ఆ క్లబ్బు కొరియా నుంచి ఒక ఆటగాణ్ని తెచ్చుకుంది. ఆయనకు సల్వాలోనే సముద్రం కనిపించే ఫ్లాట్ ఇచ్చారు. రోజూ మైదానానికి తీసుకువెళ్లి తీసుకువచ్చే పని బాబా నాకు అప్పగించాడు. ముప్పై దాటిన మనిషి. తన దేశంలో పదేళ్లు, థాయిలాండ్‌లో రెండేళ్లు ఆడి వచ్చాడు. మంచినీళ్ల సీసా ఇచ్చినా రెండు చేతులతో అందుకునేవాడు.

మొదటి రోజే నేనొక పొరపాటు చేశాను. మా వైపు ముస్లిములు ఎక్కువ, వాళ్ల ఉర్దూ చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాళ్లం. కారులో ఏసీ వేసి, "ఏసీ ఉండనా?" అని సైగ చేస్తే ఆయన తలవంచి "నే, నే" అన్నాడు. మన ఉర్దూ ‘నై’ అనుకుని వెంటనే కట్టేశాను. ఆగస్టు నెల, కువైట్ ఎండ. ఆయన చొక్కా తడిసిపోయింది గానీ నోరెత్తలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు పాత పుస్తకాలు పోసి అమ్మేచోట కొరియా భాష నేర్పే చిన్న ఇంగ్లీషు పుస్తకం దొరికితే, మొదటి పేజీలోనే ఉంది, ‘నే’ అంటే అవును అని. సిగ్గుపడి ఏసీ పూర్తిగా పెంచాను. ఆయన మొదటిసారి నవ్వాడు. అప్పటినుంచి రోజుకు రెండు మాటల చొప్పున నేర్చుకున్నాను. నొప్పిగా ఉంది అనడానికి వాళ్ల మాట ‘అపయో’ అని చదివినప్పుడు, మన అపాయానికి చుట్టం దొరికినట్టు మురిసిపోయాను.

ఆయన మధ్య వరుస ఆటగాడు. గోలు కొట్టేవాణ్ని అందరూ చూస్తారు, ఆపేవాణ్ని అందరూ తిడతారు, మధ్యలో ఉండి ఇటునుంచి అటు అందించేవాణ్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. నేను మాత్రం ఒక సంగతి కనిపెట్టాను. బంతి తన దగ్గరికి రాకముందే ఆయన ఒకసారి ఎడమ భుజం మీదుగా, ఒకసారి కుడి భుజం మీదుగా వెనక్కు చూసేవాడు. వరుస మారబోయే డ్రైవరు రెండు పక్కల అద్దాలూ చూసుకున్నట్టే. ఇంత చూపున్నవాడు ప్రమాదం చేయడని నాకు నమ్మకం కుదిరింది.

రెండో వారంలో ఆయన పిక్క పట్టేసింది. అందరూ రెండు మూడు వారాల్లో తగ్గుతుందన్నారు. మూడు వారాలయ్యాక ఆయన తెల్లవారగానే సముద్రపు ఒడ్డున పరుగెత్తడం మొదలుపెట్టాడు. బాబా ఇల్లూ ఆ ఒడ్డునే కాబట్టి, ఇల్లు తుడిచిన నీళ్లు పారబోస్తూ నేను చూసేవాణ్ని. కుంటు అన్నది లేదు. అయినా ఆదివారం ఆదివారం డాక్టరు చూసి, ఇంకా నొప్పి ఉంది, విశ్రాంతి అని రాసేవాడు. తనకు ఆడే యోగ్యత లేదని చెప్పలేక మర్యాదకు కాలిమీద నెపం పెడుతున్నారని ఆయన అనుకున్నాడు. ఆ సంగతి తరవాత తెలిసింది. అప్పట్లో రోజురోజుకూ కారులో మాటలు తగ్గిపోవడం మాత్రమే నాకు కనిపించింది. భార్యను, నాలుగేళ్ల కూతుర్ని పిలిపించుకోవాలనుకుని, పాపకోసం కొన్న చిన్న సైకిలు ఫ్లాట్ గుమ్మం పక్కనే అట్టపెట్టెలో ఉండిపోయింది.

ఒక రోజు బాబాను దివానియాకు, అంటే మగవాళ్లు కూడి కబుర్లాడుకునే చావడికి, తీసుకువెళ్తుంటే ఆయన ఫోనులో అన్న మాట నా చెవిన పడింది. "కోరీ ఖలాస్, కొరియావాడి పని అయిపోయింది. ఈ నెలాఖరుకు ఇంకొకణ్ని తెస్తాం." ఆటగాళ్లను మార్చుకునే గడువు నెలాఖరుతో ముగుస్తుంది, విదేశీయుల చోట్లు లెక్క ప్రకారమే ఉంటాయి. ఆ వయసులో, ఆడకుండానే వెనక్కు పంపిన ఆటగాణ్ని మరో దేశం పిలవదు. పొద్దున పరుగుల సంగతి చెబుదామా అంటే, డాక్టరు వద్దన్న పని చేశాడని అదొక నేరమవుతుంది.

ఆ ఆదివారం సంచి మోసుకుని కొరియా ఆయన వెంట వైద్యం గదిలోకి వెళ్లాను. డాక్టరు ఈజిప్టు మనిషి, సాత్వికుడు. ఆయన ఇంగ్లీషూ ఈయన ఇంగ్లీషూ ఒకే కొలత, ఇద్దరిదీ అరువు భాష. ఫోనులో అనువదించే ఏర్పాటు ఉంది గానీ, అవును కాదు అనే రెండు మాటలకు ఫోను తీసేదెవరు? డాక్టరు పిక్క నొక్కి, "నో పెయిన్?" అన్నాడు. ఈయన తలవంచి, "నే, యెస్," అన్నాడు. డాక్టరు నిట్టూర్చి కాగితం మీద రాసుకున్నాడు. నేను కూడా అయ్యో, నొప్పి ఉన్నట్టుందే అనుకుని బయటికి వచ్చాను. సూత్రం చదివినవాణ్ని, దానివల్ల పస్తున్నవాణ్ని, అయినా ఆ క్షణాన వెలగలేదు.

వెలిగించింది సత్తిబాబు గారు. కోనసీమ మనిషి, తమ్ముడు రాకముందు నుంచీ శుక్రవారాలు నేను వెళ్లే ఆ రిగ్గై గదిలోనే అప్పట్లో అందరికీ వండిపెట్టేవాడు. ఆయన ఎవరేమన్నా ముందు "ఆయ్" అని, తరవాత మాట్లాడేవాడు. ఆ శుక్రవారం నేను ఆలస్యంగా వెళ్లి, "సత్తిబాబు గారూ, పప్పు మిగల్లేదా?" అన్నాను.

"ఆయ్," అన్నాడు.

గిన్నె మూత తీస్తే అడుగంతా తళతళలాడుతోంది. "ఏమయ్యా, ఆయ్ అంటివే, యాడుండాది?"

"ఆయ్, లేదండి. మిగల్లేదా అనడిగారు, మిగల్లేదనే ఆయ్ అన్నానండి. మీరు పప్పుందా అనడిగుంటే లేదనే చెప్పేవోణ్ణి కదండి. అడగడం మీరు తిరగేసి అడిగి, గిన్నెమీద కోప్పడితే ఎలాగండి?"

మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ‘నే’ కూడా ఇంతే కదా. నొప్పి లేదా అంటే, ఆయ్, లేదు. కొరియావాడూ మనలాగే అడిగినవాడి మాటను ఒప్పుకుంటున్నాడు, డాక్టరేమో నా వ్యాకరణ పుస్తకం ప్రకారం వింటున్నాడు. ఉత్త అన్నం, ఊరగాయతో తిన్నాను. ఆ రోజు తిన్న రుచి మళ్లీ తగల్లేదు.

మరుసటి ఆదివారం, గడువుకు నాలుగు రోజులుందనగా, గదిలో బాబా కూడా ఉన్నాడు. డాక్టరు ఆఖరి కాగితం రాయబోతుంటే సంచి కింద పెట్టి ముందుకు జరిగాను. ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, కఫీల్ చేతిలో ఉన్నవాడు ఆ కఫీల్ ముందు నోరు తెరవడమంటే ఏమిటో నా తోటివాళ్లకు చెప్పనక్కర్లేదు.

"బాబా, ఒక్క మాట," అన్నాను నాకొచ్చిన అరబ్బీలో.

"ఏం, నువ్వు డాక్టరయ్యావా?"

"లేదు బాబా, డ్రైవర్నే. నొప్పి లేదా అని కాదు, నొప్పి ఉందా అని అడగమనండి. ఒక్కసారే."

బాబా నా ముఖంలోకి చూశాడు. నేను అంతకుముందు ఎదురు మాట్లాడిన మనిషిని కాను. చేయి ఊపి, "యల్లా, అడుగు," అన్నాడు డాక్టరుతో.

"పెయిన్?" అన్నాడు డాక్టరు.

"నో."

"నో పెయిన్?"

"యెస్."

డాక్టరు కలం దించాడు. నేను నా చిన్న పుస్తకం నేర్పిన కొరియాలో, "అపయో?" అని అడిగాను. "అనియో," అన్నాడు ఆయన, కాదని. అని, ఇన్నాళ్లుగా తనను ఎవరూ అడగని ప్రశ్న అడిగినట్టు నావైపు చూశాడు. డాక్టరు లేచి ఆయనను ఒంటికాలి మీద గెంతించాడు, మైదానం చుట్టూ పరుగెత్తించాడు, తిరిగి వచ్చి రాసిన కాగితాలన్నీ వరసగా చూసుకుని నుదురు కొట్టుకున్నాడు. బాబా చాలాసేపు నవ్వాడు. "ఐదు వారాలు ఒక యెస్ కోసం," అన్నాడు.

ఆ వారం ఆటలో ఆయనను చివరి అరగంటకు దింపారు. గోలు కొట్టలేదు. ఎడమ భుజం మీదుగా చూశాడు, కుడి భుజం మీదుగా చూశాడు, ఎవరూ లేరనుకున్న చోటికి బంతి పంపాడు. అక్కడ మా జట్టువాడు ఒకడు పరుగెత్తుతూ ఉన్నాడు, గోలు పడింది. చూసేవాళ్లు గోలు కొట్టినవాడికోసం లేచారు. డాక్టరూ నేనూ మాత్రం అందించినవాడికోసం లేచాం. నెలాఖరుకు కొత్తవాడెవరూ రాలేదు. శీతాకాలానికి భార్య, కూతురు వచ్చారు. సైకిలు పెట్టె విప్పి బిగించింది నేనే. ఆయన మా క్లబ్బుకు రెండేళ్లు ఆడి, ఇక్కడి పేరుతోనే మరో దేశానికి, అక్కడి నుంచి సొంత ఊరికి వెళ్లాడు.

నా చదువు ఎవరికి పనికొస్తుందని ఇంట్లో అడిగేవాళ్లు. ఒక మనిషికి పనికొచ్చింది. అది చాలనుకునే వయసుకు వచ్చాను.

ఈ నాలుగు మాటలు రాయగలిగానంటే కొందరి పుణ్యం. అట్టలూడిన పుస్తకాన్ని పారెయ్యకుండా బల్లమీద ఉంచిన మా గ్రంథపాలకులు వెంకటసుబ్బయ్య సారుకు, ఇప్పుడు అమలాపురం దగ్గర సొంతంగా హోటలు నడుపుతున్న సత్తిబాబు గారికి, తన పొరపాటును అందరి ముందూ ఒప్పుకున్న డాక్టర్ సమీర్‌కు, పనివాడి మాటకు ఒక్క నిమిషం ఇచ్చిన మా బాబాకు, ఇది రాసేలా నన్ను ఎగదోసిన మా తమ్ముడు ఓబులేసుకు కృతజ్ఞుణ్ని.

చివరిగా జమాల్ భాయ్‌కి. బంగ్లాదేశ్ మనిషి, మైదానం గేటు దగ్గర కాపలా ఉండేవాడు. సంచులు మోస్తూ వచ్చే డ్రైవర్లను ఆపేవాడు కాదు, "ఎండలో ఎందుకు భాయ్, లోపలికి పో," అనేవాడు. ఆయన తన దేశానికి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ గేటుకు కార్డు చూపితే తెరుచుకునే యంత్రం పెట్టారు. డ్రైవర్లకు కార్డులివ్వలేదు, మేము కార్లలోనే ఏసీ వేసుకుని ఫోన్లు చూస్తూ కూర్చుంటాం. చల్లగానే ఉంటుంది. ఈ ఏడాది కూడా ఎక్కణ్నుంచో ఒక కొత్త ఆటగాడు వచ్చాడు. లోపల ఆయననేమి అడుగుతున్నారో, ఆయనేమి చెబుతున్నాడో మాకు వినిపించదు.