పచ్చ బటన్ నొక్కినందుకు

భానుప్రియకు కోపం వస్తే మాట పెరగదు, తగ్గిపోతుంది. ఆ సంగతి తెలియని మేనేజరు సుకుమార్ ఆమె మౌనాన్ని ఒప్పుదల అనుకున్నాడు.

విడవలూరులో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీ ల్యాబులో ఆమె ఉద్యోగం. రైతులు సీసాల్లో తెచ్చే గుంట నీళ్లను పరీక్షిస్తుంది. ఆ కంపెనీయే రైతుల ఫోన్లలో ఒక యాప్ పెట్టింది. గుంటలో ఆక్సిజన్ తగ్గితే ఫోన్ మోగుతుంది, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లను ఇంట్లో కూర్చునే తిప్పుకోవచ్చు.

నిరుడు వేసవిలో ఒక రాత్రి, రొయ్యలు పెంచే ఆమె నాయన పద్మనాభయ్య ఫోన్ అలాగే మోగింది. తెర మీద రెండు బటన్లు, ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు. పక్కనున్న ఇంగ్లీషు ఆయనకు రాదు. గట్టు మీది స్టార్టర్ డబ్బాలో పచ్చది నొక్కితే మోటారు తిరుగుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. ఏ రొయ్యల రైతును నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆయన పచ్చది నొక్కి పడుకున్నాడు. యాప్‌లో మాత్రం పచ్చ అంటే అంతా బాగుంది, మోత ఆపు అని అర్థమట! ఎర్రది నొక్కితేనే ఏరియేటర్లు తిరిగేది. తెల్లారేసరికి గుంటంతా చచ్చిన రొయ్యలు తేలాయి.

వాడినవారి పొరపాటు అని కంపెనీ తేల్చేసింది. అదేం విచారణో, గుంట మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. పద్మనాభయ్య కూడా "నాదే తప్పు, సదువు రానోణ్ణి" అని ఊరంతా చెప్పుకున్నాడు. భానుప్రియ కోపమంతా కంపెనీ మీదే. ఆ తెరలు గీసిందెవరు, ఆ పని ఎక్కడ నేర్పుతారు అని వెతికింది. దాన్ని యూఎక్స్ డిజైన్ అంటారని, అందులో పీజీలున్నాయని తెలుసుకుంది. పట్టుబట్టి ప్రవేశ పరీక్ష రాసి, చెన్నైలో రెండేళ్ల కోర్సులో సీటు తెచ్చుకుంది. అక్కడ ముందు తెరలు గీయనివ్వరు. మనుషుల పక్కన కూర్చుని వాళ్లు పని చేసుకునే తీరు చూడమంటారు.

సరిగ్గా అప్పుడే, సంగతి తెలిసి సుకుమార్ పిలిచాడు.

"చెన్నై ఎందుకమ్మా? ఆన్‌లైన్లో ఏడాది పీజీ ఉంది. ఫీజు కంపెనీ కడుతుంది, నీ ఉద్యోగం నీకుంటుంది. అయిపోగానే యాప్ పని నీకే ఇస్తాం."

భానుప్రియ ఒక్కటే అడిగింది. "ఆ కోర్సులో రైతుల దగ్గరికి పంపిస్తారా సార్?"

"వాళ్ల దగ్గర నేర్చుకునేదేముంది? రంగులూ బటన్లూ చక్కగా గీయడం నేర్పుతారు. మీ నాయన లాంటోళ్లకు ఎంత చక్కగా గీసిచ్చినా తప్పుదే నొక్కుతారులే." నవ్వాడు. ఆమె పలకలేదు. "సరే, నీ పేరు పంపించేస్తున్నా."

"పంపించొద్దు. రేపటినించి నేను రాను."

ఇంటికి రాగానే తల్లి ఆదిశేషమ్మ దులిపేసింది. "ఇంటికొచ్చిన అదృష్టాన్ని తన్నేసి వచ్చినావు గదే! ఉన్న ఉద్యోగం గూడా పాయె! యాడైతే ఏంది, సదువు సదువు కాదా?"

అంతా విన్న పద్మనాభయ్య మెల్లిగా అడిగాడు. "ఆ చెన్నై సదువు సదివొస్తే, నేను మళ్లా తప్పు నొక్కకుండా చేస్తావా అమ్మా?"

అంతవరకు బిగబట్టుకున్న భానుప్రియ గొంతు చించుకుని అరిచింది. "నువ్వు తప్పు నొక్కలేదు నాయనా! నువ్వు నొక్కింది గట్టు మీద మోటారు తిప్పే పచ్చదే. తిరక్కుండా చేసింది వాళ్లు!"

ఏడాదిగా కంపెనీ మీద రగిలిపోతూనే ఉంది గానీ, ఆ మాట ఆయనతో అనాలని ఆమెకే తట్టలేదు.

పద్మనాభయ్య కూతురి మొహంలోకి చూశాడు. "నిజంగానా?" అన్నాడు.