చిలికా ఒడ్డున నీలం హెల్మెట్

పుష్పరాణి ఒంటరిగా రైలు ప్రయాణం ఎప్పుడూ చెయ్యలేదు. ఒక్కతే ఎక్కిన రోజులున్నాయి, ఒంటరిగా ఉండనిచ్చిన రోజులే లేవు. కలకత్తా నుంచి శ్రీకాకుళం దాకా పట్టాల వెంట మన తెలుగువాళ్ల రైల్వే క్వార్టర్లే. ఆడమనిషి రైలెక్కిందంటే సంత్రాగాఛి నుంచి ఖరగ్‌పూర్‌కి ఫోను వెళ్తుంది. అక్కడొకరు క్యారియరు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడతారు. మొహం చూసి, క్షేమమేనని బాలాసోర్‌కి చెబుతారు. దీన్ని అప్పగించడం అంటారు. ఆప్యాయత అని పొగిడేవాళ్లూ ఉన్నారు, కాకపోతే వాళ్లెప్పుడూ కిటికీకి బయట నిలబడినవాళ్లే.

ఆమె పుట్టింది ఖిదిర్‌పూర్‌లో. కలకత్తా వీధులు ఊడవడానికి వచ్చిన తాతకు మనవరాలు. ఇప్పుడు అదే కార్పొరేషన్‌లో డెంగీ సర్వే చేస్తుంది. ఇంటింటికీ వెళ్లి, డ్రమ్ముల్లో, పూలకుండీల కింద నిలిచిన నీళ్లు పారబోయించడం పని. భర్త హరీష్‌ది నది అవతల సంత్రాగాఛి రైల్వే యార్డులో ఉద్యోగం. కాపురం అక్కడి క్వార్టర్లోనే, అత్త అప్పమ్మతో కలిసి. అతనికి సైకిలు దాటి బండి రాదు. ఆమె పాత మోటారుసైకిలొకటి కొనుక్కుని రోజూ హుగ్లీ వంతెన దాటి పనికి వెళ్తుంది.

చిన్నప్పటినుంచీ ఆమెకు ఒకటే కోరిక. ఊరెళ్లే మెయిలు చిలికా సరస్సు పక్కనుంచి పోతుంది, ఆగదు. నీళ్లు కనబడి మాయమయ్యేలోపు ఎవరో ఒకరు ‘తల లోపల పెట్టు’ అంటారు. అక్కడ ఆగాలి. పక్కన ఎవరూ లేకుండా, చూడాలనిపించినంతసేపు చూడాలి. ఈసారి బండి మీద వెళ్తానని, చిలికా ఒడ్డున రంభ ఊరి రేవు దగ్గర ఆగుతానని హరీష్ ఒక్కడికే చెప్పింది.

“ఎవులికీ సెప్పకు. సెప్తే మళ్లీ క్యారియర్లు మొదలైపోతాయి.”

“నానెందుకు సెప్తాను? నీ బండి, నీ రోడ్డు. ఠీక్ ఆఛే, సరేనా?”

తెల్లారకముందే బయలుదేరింది. ఖరగ్‌పూర్ దాటినా ఎవరూ ఎదురు రాలేదు. హెల్మెట్‌లో పాట పాడుకుంది. బాలాసోర్ దగ్గర, ఆగుతానని ఇంట్లో హరీష్‌తో చెప్పిన ధాబా ముందే బండి ఆపింది. అక్కడ బెంచీ మీద క్యారియరు. దాని పక్కన బంగారయ్య, రైల్వేలో రిటైరైన హరీష్ చిన్నాన్న.

“ఏటమ్మీ, ఇంత ఆలీసం? పొద్దున్నుంచి కూకున్నాను. ఈ ధాబావోడు నన్ను గిరాకీ అనుకుని నాలుగు టీలు తాగించీసేడు.”

“ఎవులు సెప్పేరు, చిన్నాన్నా?”

“ఎవులు సెప్తే ఏటి, తిను. ఏ కూరొండాలని భద్రక్‌లో మనోళ్లు అడుగుతన్నారు.”

ఆమె తినకుండానే హరీష్‌కి ఫోను చేసింది.

“నాను సెప్పలేదు, ఒట్టు! మాయమ్మ గోడకి సెవి పెట్టి ఇన్నాదేమో. దానికి అదే పని కదా!”

పుష్పరాణి నమ్మింది. మొగుణ్ణి అనుమానించడం కంటే అత్తను అనుమానించడం ఏ కోడలికైనా సుళువు. అప్పమ్మను దారి పొడుగునా తిట్టుకుంది. భద్రక్‌లో ఆగలేదు. భువనేశ్వర్‌లో చెప్పి ఉంచిన లాడ్జి మానేసి కటక్‌లో పడుకుంది. రేవు సంగతి అప్పమ్మ వినలేదు, అది హరీష్‌కి ఇంట్లో కాదు, ఇద్దరూ హుగ్లీ వంతెన మీద ఆగినప్పుడు చెప్పిన మాట. ఆ ధైర్యంతోనే మర్నాడు రంభ చేరింది.

రేవులో టీకొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీ. అందులో హరీష్, ఒళ్లో నీలం హెల్మెట్.

“సర్‌ప్రైజ్! రాత్రి మెయిలెక్కి, అవతల టేసన్లో దిగి బస్సులో వొచ్చీసేను. ఒక్కదానివీ అన్ని నీళ్లు సూస్తే ఏటి బాగుంటాది? వొచ్చేటప్పుడు నీ ఎనకాల కూకుంటాను.”

ఆ హెల్మెట్ ఆమెకు తెలుసు. బయలుదేరడానికి చాలా ముందే బీరువా మీద చూసింది. మేనల్లుడు విశాల్‌కని చెప్పాడు. ‘నీ బండి, నీ రోడ్డు’ అన్న రోజుకే అది ఇంట్లో ఉంది.

“మరి అత్త?”

“అమ్మకేటీ తెలీదు, చిన్నాన్నకి నానే సెప్పేను.” నవ్వాడు. “నువ్వలా అడిగితే ఏదో ఒకటి అనాల కదా!”

అమ్మను అడ్డం పెట్టినవాడు అంత తేలిగ్గా నవ్వాడు. పుష్పరాణి నీళ్ల వైపు తిరగను కూడా లేదు. బండెక్కింది.

“ఏయ్, ఎక్కడికి?”

“సెప్పను.”

“మరి నానో?”

“రైలుంది కదా. మనోళ్లున్నారు.”

నిజంగానే ఉన్నారు. భువనేశ్వర్‌లో ఒకరు, భద్రక్‌లో ఒకరు, బాలాసోర్‌లో బంగారయ్య, కిటికీ కిటికీకీ క్యారియరు అందించి, మొహం చూసి, హరీష్‌ని క్షేమంగా సంత్రాగాఛికి అప్పగించారు.

ఆమె ఇంకెన్ని రోజులకో వచ్చింది. ఎండకి ముక్కు మీద తోలు ఊడిపోయి ఉంది. బండికి అంటిన ఎర్రమట్టి హైవే మీద దొరికేది కాదు. భవానీపూర్ తెలుగు సంఘంలో సంఘం పెద్ద జ్ఞానప్రసూనగారు హరీష్ రేవుకి వెళ్లిన కథ విని, మైకు పట్టుకుని, ఇంతగా ప్రేమించే భర్త దొరకడం అదృష్టమన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. బీరువా మీది హెల్మెట్ సంగతి ఆ చప్పట్లు కొట్టినవాళ్లకు చెప్పినా, ఎంత ముందుచూపో అని ఇంకోసారి కొట్టి ఉండేవాళ్లు.

ఇంటికొచ్చిన పూటే పుష్పరాణి అత్త దగ్గర కూర్చుంది. దారిలో తిట్టిన తిట్లు, ఎందుకు తిట్టిందో, అన్నీ చెప్పింది. తర్వాత ఏ దారిన వచ్చిందో, ఎక్కడ ఆగిందో, ఏం చూసిందో అవీ చెప్పింది. ఆవిడ ఒక్కదానికే.

హరీష్ ఇప్పటికీ తల్లిని అడుగుతూనే ఉంటాడు.

“ఏ దారంట వొచ్చిందే అమ్మా? నీకు సెప్పీసిందంట కదా?”

అప్పమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తదు.

“నన్నెందుకురా అడుగుతావు? గోడకి సెవి పెట్టి ఇను.”