చోళ్ళ ప్రాజెక్టుకి పెద్ద ఎవరు?

ఇప్పటి పిల్లలు కుర్చీలోంచి లేవకుండానే దేశదేశాలకు దరఖాస్తులు పంపేస్తుంటే నాకు కొంచెం అసూయ, కొంచెం జాలి. తప్పు చేయడానికి మాకున్నన్ని అవకాశాలు వాళ్ళకు లేవు. మేము దరఖాస్తు పంపాలంటే కరెంటు ఉండాలి, ప్రింటరులో రిబ్బను ఉండాలి, పోస్టాఫీసులో గుమస్తా గారు భోజనం నుంచి తిరిగి వచ్చి ఉండాలి. ఇన్ని మెట్లలో ఏదో ఒకచోట కాలు జారుతుంది. నాది జారిన చోటు నర్సీపట్నం. దాంతో రెండు దేశాలు కదిలి వచ్చాయి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో బోటనీలో ఎమ్మెస్సీ చేసి, బస్టాండు వెనక ఎరువుల కొట్టు మీద రెండు గదుల ఆఫీసులో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. (పేరు ఘనమే గాని టైపు కొట్టడం, కొండెక్కడం, టీ తెప్పించడం అన్నీ అందులోనే.) ఏజెన్సీ కొండల్లో తరతరాలుగా పండించే చోళ్ళలో, అంటే రాగుల్లో, వాన తగ్గినా నిలబడే రకాలేవో తేల్చడం మా పని. దీనికి ఢిల్లీలోని ఒక సంస్థ, సముద్రాల అవతల చలిదేశంలోని ఇంకో సంస్థ కలిసి నిధులిచ్చేవి. సైన్సుకి సరిహద్దులు ఉండకూడదని ఇద్దరూ ఒప్పందం రాసుకున్నారు. ఫారాలకు మాత్రం ఉన్నాయి. ఒకే ప్రశ్నకు ఇద్దరికీ వేరువేరుగా జవాబు రాయాలి.

విశాఖపట్నం నుంచి వారానికోసారి జీపులో వచ్చే మా ప్రొఫెసరు గారిని పెద్దసారు అనేవాళ్ళం. ఎవరి మనసూ నొప్పించలేని మనిషి. ప్రాజెక్టు గడువు ముగిసి, ఇంకో మూడేళ్ళు పొడిగించమని అడగాల్సి వచ్చింది. ‘ఈ పరిశోధనకు నాయకత్వం ఎవరిది?’ అన్న ప్రశ్నకు ఆయన ఢిల్లీ ఫారంలో, ‘పూర్తిగా మనదే, విదేశీ మిత్రులు యంత్రాలు అరువిస్తారు’ అని రాశారు. చలిదేశం ఫారంలో, ‘పూర్తిగా మీదే, మేము చోళ్ళ వెన్నులు కోసి లెక్కపెట్టేవాళ్ళం’ అని రాశారు. (ఆయన ఇంగ్లీషు ఇంతకన్నా అందంగా ఉంటుంది. భావం ఇదే.) టైపు కొడుతూ నేను నవ్వాపుకోవడం చూసి, “నవ్వకమ్మా. ఇద్దరికీ కావలసినవాళ్ళం. ఎవరింటికెళ్తే వాళ్ళ మాట మాట్లాడాలి” అన్నారు. పొడిగింపు రాకపోతే నా ఉద్యోగం పోతుంది, కొండమీద కుటుంబాలు మా మాట నమ్మి వేసిన పైరు కొలిచే నాథుడు లేక సగంలో ఆగిపోతుంది. అందుకని నేనూ నోరు మూసుకుని కొట్టాను.

రెండు దరఖాస్తులూ ప్రింటు తీసి, బల్ల మీద రెండు దొంతరలుగా పెట్టేసరికి కరెంటు పోయింది. ఉక్క భరించలేక కిటికీలు తెరిచాను. పది నిమిషాల్లో కరెంటు వచ్చింది. ఫ్యాను ఆపడం మరచిపోయానని అప్పుడు తెలిసింది. కాగితాలు గదంతా ఎగిరాయి. రెండింటిదీ ఒకే శీర్షిక, ఒకే పేజీల సంఖ్య. పోస్టాఫీసు మూసేస్తారన్న కంగారులో ఏరి, సర్ది, జిరాక్సు తీసి, బేగి పరుగెత్తి పోస్టు చేసి వచ్చాను. శనివారం ఆ జిరాక్సులు ఫైల్లో పెడుతూ చూస్తే ఢిల్లీకి రాసిన కవరింగు లెటరు కింద చలిదేశం జవాబులున్నాయి. రెండోదాని సంగతి చూడనవసరం లేదు. అయినా చూశాను.

సారుకి ఫోను చేసి చెప్పాలి. ఎస్టీడీ బూత్ దాకా వెళ్ళాను కూడా. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. అది దేవుడిచ్చిన అవకాశంగా భావించి ఇంటికొచ్చేశాను.

మర్నాడు ఆదివారం. ఆసుపత్రిలో నర్సుగా చేసే మా అమ్మ, నా ఉద్యోగం గురించి చర్చిలో ముందే ప్రార్థన పెట్టించింది. సంఘమంతా కళ్ళు మూసుకుంటే పాస్టరు గారు, “ఈ బిడ్డ పంపిన కాగితములు చేరవలసిన చేతులలోనే చేరునట్లు చేయుము తండ్రీ” అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనొక్కదాన్నే కళ్ళు తెరిచి ఉన్నాను. బయటికొచ్చాక అమ్మ, “ఏటే, ఆమెన్ అన్లేదు?” అంది. “గొంతు పట్టేసిందమ్మా” అన్నాను. ఆ మధ్యాహ్నం నాకు మిరియాల కషాయం పట్టించారు. న్యాయమే అనిపించింది.

మూడు వారాలకు పెద్దసారు ఫోను చేశారు. “రెండు సంస్థలవాళ్ళూ కలిసి పొలం చూడ్డానికి వస్తున్నారటమ్మా. ఎప్పుడూ ఇలా రాలేదు. ఎందుకంటావు?”

“ఏమోనండి” అన్నాను.

ఢిల్లీ నుంచి నూలు చీర మీద బూట్లు తొడుక్కున్న ఒక మేడం, చలిదేశం నుంచి తలుపులన్నిట్లో వంగి నడవాల్సినంత పొడుగాయన వచ్చారు. కొండ మీద పొలంగట్టు చేరాక ఇద్దరూ సంచుల్లోంచి దరఖాస్తులు తీశారు. “మాకు వెన్నులు లెక్కపెట్టే పని ఇచ్చారు, సంతోషం” అని మేడం ఇంగ్లీషులో మెల్లగా అంది. “మేము యంత్రాలు అరువిచ్చేవాళ్ళమని నాకిప్పుడే తెలిసింది” అన్నాడు పొడుగాయన. పెద్దసారు మొహం తెల్లబోయింది. ఆయన నావైపు తిరిగారు. నేను ఒక చోడి వెన్నును ఎన్నడూ లేనంత శాస్త్రీయ దృష్టితో పరీక్షించసాగాను.

ఆ పొలం మేము చోళ్ళ మామ్మ అని పిలుచుకునే ముసలామెది. మా ఆఫీసువాళ్ళలో నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడేది కాదు. “ఏటమ్మీ, గొడవెట్టుకున్నారేటి ఈళ్ళు?” అని నన్నడిగింది.

“ఈ పనికి పెద్ద ఎవరని అడుగుతున్నారు మామ్మా.”

మామ్మ ఇద్దర్నీ కింది నుంచి పైదాకా చూసింది. పొడుగాయనకి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

“ఇత్తనం దాసింది మా అత్త. ఏసింది నాను. కలుపు తీసింది నా కోడలు. నువ్వొచ్చి కాయితం మీద రాసుకుంటావు. ఆ సారు జీపు దిగడు. ఈళ్ళిద్దర్నీ నానెప్పుడూ సూళ్ళేదు. మరి పెద్దెవరంటే నానేటి సెప్పేది?”

అందరూ నావైపు చూశారు. అంతవరకూ నా అనువాదాలన్నీ పెద్దసారు శైలిలోనే సాగేవి. మామ్మ తిడితే నేను స్వాగతం చెప్పేదాన్ని. ఆ రోజు విసుగొచ్చిందో, లేక భయం ముదిరి ధైర్యంగా మారిందో తెలియదు. ఒక్క మాట వదలకుండా చెప్పేశాను, జీపుతో సహా.

పొడుగాయన నవ్వాడు. మేడం నవ్వలేదు, గట్టు మీద కూర్చుని మళ్ళీ చెప్పమని రాసుకుంది. తర్వాత ఆమే చెప్పింది: నాయకత్వం గడిలో ఎవరి పేరు ముందుండాలన్న దాని మీద రెండు సంస్థలూ రెండేళ్ళుగా సమావేశాల్లో తగువులాడుకుంటున్నాయట. వీళ్ళు ఒక్క మాట వదలరు, వాళ్ళు ఒక్క కామా వదలరు. అక్కడే ఇద్దరూ రెండు ఫారాల్లోనూ ఆ గడి కొట్టేసి, ‘ఎవరు ఏ పని చేస్తారు’ అని చేత్తో రాశారు. మొదటి పేరు మామ్మ అత్తది రాయబోతే, ఆమె చనిపోయి పదేళ్ళయిందని నేను ఆపాల్సి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో వాళ్ళ కారు ముందు, మా జీపు వెనక. సారు ముందు సీట్లోంచి నావైపు తిరిగారు.

“కాగితాలు మారాయి కదమ్మా.”

“అవునండి. ఫ్యాను గాలికండి.”

“నీకెప్పుడు తెలిసింది?”

ఇవాళే అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. “పోస్టు చేసిన వారంలోనేనండి” అన్నాను.

జీపు నర్సీపట్నం చేరేదాకా ఆయన కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నారు. ఆఫీసు ముందు దిగబోతుంటే, “నేనైతే ఇప్పటికీ ఒప్పుకునేవాణ్ణి కాదు” అన్నారు. అంతే. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

మూడేళ్ళు అడిగితే రెండేళ్ళే ఇచ్చారు. అదీ ఒక షరతు మీద: ప్రొఫెసరు గారు పంటకాలంలో నెలకు రెండుసార్లు జీపు దిగి పొలంలో నడవాలి. ఆయన నడిచారు. మొదటి నెల ఆయాసపడ్డారు, రెండో నెలకి మామ్మ ఆయనకి అంబలి పోయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు అలాంటి కమిటీల్లో నేనూ కూర్చుంటున్నాను. రెండు దేశాల మర్యాదలూ వంటబట్టాయి, ఎవరికీ తగలకుండా మాట్లాడటం బాగా వచ్చేసింది. మొన్నొక సమావేశంలో అరగంట మాట్లాడి కూర్చుంటే, పక్కనున్న కుర్ర శాస్త్రవేత్త వినయంగా, “మేడం, మీరు ఔనన్నారా, కాదన్నారా?” అని అడిగింది. ఎంత ఆలోచించినా నాకే తేలలేదు. నవ్వొచ్చింది. అవతలివాళ్ళు అది తమను పలకరించిన నవ్వనుకుని, వాళ్ళూ మర్యాదగా నవ్వారు.